చెలిమె తేరేదాక

రా బిడ్డా, ఇటు జరుగు. ఆ దిక్కు కూసుంటె పొగంత నీ కండ్లల్లకే ఒస్తది. మొద్దు ఇంక పచ్చిగనే ఉంది, గందుకే గింత పొగ. ఆ మక్క బెండ్లు రెండు మీదెయ్యి, అంటుకుంటది. గెనుసుగడ్డలు బూడిదల కప్పిన, కట్టెతోని కదిలియ్యకు.

పొద్దుగాల ఛాయ్ తాగుకుంట "ఇంక పన్నెండు దినాలే ఉన్నయి తాతా" అంటివి. నిన్న పదమూడంటివి. దుబాయి కెల్లి ఒచ్చిన రాత్రే "ముప్పై దినాలే ఛుట్టీ" అనుకుంట ఇంట్ల కాలు పెడ్తివి. నిన్ను తప్పు పడ్తలేను కొడుకా. నీ తీరుగనే లెక్కవెట్టినోన్ని నేను గూడ. నీకన్న గట్టిగ లెక్కవెట్టిన. గా ముచ్చటనే చెప్త. నిద్రొస్తె చెప్పు, ఆపుత.

గని దుబాయి కన్న ముందుగాల ఎములాడ ముచ్చట చెప్పాలె. అది చెప్పకుంటె ఇది తెల్వది.

నాకు గప్పుడు తొమ్మిదో పదో ఏండ్లు. మన ఊరు నిజామాబాద్ జిల్లాల ఉండె, కామారెడ్డి తాలూకా. దోమకొండ మండలంల కలిసింది ఎన్కసీరి. మన బీబీపేటనే మండలమయింది మొన్న మొన్న, 2016ల, కామారెడ్డి జిల్లా అయిన దినమే. గప్పుడు మనకు బస్సు లేదు. ఎములాడ రాజన్న కాడికి పోవాలంటె ఎడ్ల బండే. మా అవ్వ మొక్కింది కోడె మొక్కు. నాకు ముందటేడు పానం బాగలేక నెలరోజులు మంచంల పడ్డనట. బతికితె కోడెను కడ్త రాజన్నా అని మొక్కుకుంది. శివరాత్రి దగ్గరవడ్డది, బండికి గూడు గట్టిండ్లు, లోపల వరిగడ్డి పరిచి మీద గొంగడేసిండ్లు. ఇరుసుకు ఆముదం కందెన పెట్టిండ్లు. కోడెను బండెన్క కట్టిండ్లు. జొన్న రొట్టెలు, మామిడి తొక్కు, సత్తు గిన్నెల పచ్చిపులుసు. కందీలు బండి కింద ఏలాడగట్టిండ్లు. మా తాత తోలుడు. నేను ఆయన పక్కన నొగల మీద.

పొలిమేర దాటకముందే అడిగిన: "తాతా, ఇంక ఎంత దూరం?"

"అగో గా తాటిచెట్టు దాక" అన్నడు.

తాటిచెట్టు ఒచ్చింది. మల్ల అడిగిన. "గా గుట్ట దాక బిడ్డా." గుట్ట ఒచ్చింది. "గా మర్రి కింద ఎడ్లు నీళ్లు తాగేదాక." ఒక్కసారి గూడ ఎములాడ అనలె. నాకు కోపమొచ్చింది, నన్ను మోసం చేస్తుండని. ఏడ్సిన గూడ. గని రెండో పూటకు ఏమయిందంటె, తాటిచెట్టు ఒచ్చిందాంక తాటిచెట్టునే సూసుడు మొదలువెట్టిన. కల్లుకుండలు ఎన్ని ఉన్నయి, గిజిగాడు గూడు ఏ మట్టకు కట్టింది, కింద ఎవ్వలన్న కూసున్నరా. సూసెటాల్లకు చెట్టు ఎన్కకు పోయేది.

ఎడ్లు నడుస్తుంటె ఇరుసు చేసే సప్పుడు ఇప్పటికీ నా చెవులల్ల ఉంది. రాత్రి అయితె కందీలు ఎలుగు ఊగుకుంట పోయేది. ఎద్దు కాళ్ల నీడలు చేన్ల మీద పెద్దగయి, చిన్నగయి, మల్ల పెద్దగయి. మా అవ్వ లోపలికెల్లి పాట తీసేది. ఎన్క బండ్లల్ల ఆడోళ్లు అందుకునేటోళ్లు. ఆ బండ్లోళ్లు ఎవ్వలో మాకు తెల్వది, ఏ ఊరోళ్లో తెల్వది. తొవ్వల కలిసిండ్లు అంతె.

మానేరు ఒడ్డున బండ్లు ఇడిసినం. ఎగువకు నర్మాల కాడ కట్ట ఉండె గద, కింద వాగంత ఇసుకనే. తెల్లగ, కండ్లు చెదిరేటంత. తాగెటందుకు నీళ్లు కావాలె. మా తాత ఇసుకల మోకాళ్ల మీద కూసున్నడు, రెండు చేతులతోని తోడుడు మొదలువెట్టిండు. నీకు చెలిమె అంటె తెల్వది కావొచ్చు. ఇసుకను మోచెయ్యి లోతు తోడితె అడుగున తడి తగుల్తది. ఇంక జరంత తోడితె నీళ్లు ఊరుకుంట ఒస్తయి. గని ముందుగాల ఒచ్చే నీళ్లు బురద తీరుగ ఉంటయి. గవ్వి దోసిల్తోని తీసి పారబోస్తరు. మల్ల ఊర్తయి. మల్ల పారబోస్తరు. ఇగ అప్పుడు చెయ్యి తీసి ఊకె కూసోవాలె.

నాకు మస్తు దూపయితుంది. ఊకె కూసునుడు నాతోని కాలె. చెంబు పెట్టిన. అడుగున తగిలి ఇసుక లేసింది, నీళ్లన్ని కలుషమయినయి. తాత ఏమనలె. మల్ల పారబోసిండు. రెండోసారి నేను మల్ల చెంబు పెట్టిన, మల్ల కలిసిపోయినయి. అప్పుడు నా చెయ్యి పట్టుకొని పక్కన కూసోవెట్టుకున్నడు. "దాన్ని సూడు. దూప గురించి సోంచాయించకు, దాన్నే సూడు" అన్నడు.

సూసిన బిడ్డా. అడుగు కెల్లి ఒక దిక్కున ఇసుక రేణువులు సన్నగ ఎగురుతున్నయి. ఆడికెల్లే ఊట. రేణువు లేస్తది, తిరుగుతది, పక్కకు పోయి కూసుంటది. ఇంకొకటి లేస్తది. జరసేపటికి మీది కెల్లి తేరుకుంట ఒచ్చింది. ముందు నా మొఖం కనవడ్డది, తర్వాత నా మొఖం పోయి అడుగు కనవడ్డది. ఎంతసేపయిందో నాకు తెల్వది. దూపయింది గూడ మర్సిపోయిన. తాతనే చెంబు ముంచి ఇచ్చిండు, మీది మీదికెల్లి, అడుగు తగలకుంట. ఆ నీళ్ల సల్లదనం ఇగో, ఇక్కడ, గొంతుల ఇప్పటికీ ఉంది. డెబ్బై ఐదేండ్లు నడుస్తున్నయి నాకు. ఎన్నో నీళ్లు తాగిన. గా చెంబు నీళ్లే యాదికున్నయి.

ఎములాడ ముచ్చట అడుగు, చెప్పరాదు నాకు. ధర్మగుండంల మునిగించిండ్లు, కోడెను పట్టుకొని గుడి సుట్టు తిప్పిండ్లు, జనం కాళ్ల నడుమ నాకు ఏం కనవడలె. మా అవ్వ కొంగు పట్టుకున్నది యాదికుంది. అంతె. రాజన్న దయ మీద నాకు ఏ అనుమానం లేదు, ఆయన దయతోనే ఇగో నీ ముందట కూసున్న. గని నాకు మిగిలింది మాత్రం తొవ్వ.

ఇగ దుబాయి.

1978ల పోయిన. సంక్రాంతి అయినంక. మీ నాయిన కడుపుల నాలుగో నెల మీ నాయినమ్మకు. కరువు, అప్పు, అందరు పోతుండ్లు, అవ్వన్ని నీకు తెలిసిన ముచ్చట్లే, మల్ల ఎందుకు. కామారెడ్డి టేషన్ల చిన్న పట్టాల బండెక్కిన. గప్పుడు మన లైన్ మీద మన్మాడ్ దాక చిన్న పట్టాలే. ఆడ దిగి బొంబాయి పెద్ద బండెక్కాలె. బండెక్కెటప్పుడు మా అవ్వ చేతుల ఒక పావలా బిల్ల పెట్టింది. "బాసర కాడ గోదారి ఒస్తది, దండం పెట్టి నీళ్లల్ల ఎయ్యి" అన్నది. నేను కిటికి కాడనే కూసున్న. గని నా తలకాయల ఏముండె? బొంబాయిల ఏజెంటు ఉంటడా ఉండడా, పైసలు మునుగుతయా, వీసా నిజమా అబద్ధమా. గిదే తిరుగుతుండె. బండి ముద్ఖేడ్ల ఆగితె అప్పుడు తెలివికొచ్చిన. గోదారి ఎప్పుడో దాటింది. వంతెన సప్పుడు గూడ ఇనలె నేను. పావలా జేబుల్నే ఉంది.

బొంబాయిల కామాటిపురల మనోళ్ల రూముల పదిహేను దినాలు. ఒక్క రూముల ఇరవై మంది, ఒకలు లేస్తెనే ఇంకొకలు పండాలె. ఆ ఊరు కట్టిన కూలోళ్లు మన తెలుగోళ్లేనట, కామాటోళ్లు, గందుకే దానికి ఆ పేరు. తర్వాత ఓడ. ఓడ పేరు 'ద్వారక'. నీ తీరుగ నాలుగు గంటల విమానం కాదు. బొంబాయి కెల్లి కరాచి, కరాచి కెల్లి మస్కట్, గట్ల ఆగుకుంట పోయేది. ఓడ మీద డెక్కుల చద్దరి పర్సుకొని పండుడు. అది 1982ల బందయిందని ఎన్కసీరి ఇన్న. ఆ ఓడ మీద రాత్రి సుక్కలు ఎట్లుంటయో మా ఎంబడొచ్చిన సిరిసిల్ల పద్మశాలి ఒకాయన చెప్తుండె. "సూడరాదు అన్నా, మగ్గం మీద జరీ సల్లినట్టుంది" అని నా భుజం తట్టిండు. నేను దుప్పటి ముసుగు తియ్యలె. కక్కులు, పైకెల్లి పరేషాన్. ఆయన సూసిన సుక్కలు నేను సూడలె. ఇప్పటికి నలభై ఏడేండ్లు దాటింది, గా మాట యాదికొస్తనే ఉంటది.

దుబాయిల మమ్ములను జెబెల్ అలీల పెట్టిండ్లు. గప్పుడు ఆడ రేవు కడుతుండిరి. ఎడారిని తవ్వి సముద్రాన్ని లోపలికి తెచ్చుడు. మనిషి తవ్విన రేవులల్ల ప్రపంచంల అంత పెద్దది ఇంకోటి లేదంటరు. నేను సలాకలు కట్టుడు, కాంక్రీటు మోసుడు. మంచం పక్కన పలక గోడ ఉండె. దాని మీద మొలతోని గీతలు గీసుడు మొదలువెట్టిన. దినానికొకటి. రెండేండ్ల కరారు, ఏడు వందల ముప్పై గీతలు కావాలె. పొద్దుగాల లేసి ముందుగాల గీత గీసేటోన్ని, తర్వాతనే మొఖం కడుగుడు. అంటె ఆ దినం ఇంక మొదలు గాకముందే అయిపోయిందని గీసేటోన్ని. తెలుస్తుందా బిడ్డా? పొద్దు పొడువకముందే ఆ దినాన్ని సంపేటోన్ని.

1979ల ఇంగ్లండు రాణి ఎలిజబెత్ ఒచ్చింది, మేం కట్టిన రేవును తెరిచెటందుకు. అరబ్బులు, జెండాలు, ఎంత హడావుడి అయి ఉంటదో. నేను ఆడనే ఉన్న. గని ఆ దినం నేను ఏం చేసిన్నో, ఏం సూసిన్నో నాకు ఒక్క ముక్క యాదికి లేదు. గీతలు ఏడాది దాటినయి అనే లెక్క మాత్రం యాదికుంది.

ఇగో, ఇప్పుడు చెప్పేది ఇను. ఇదే అసలు ముచ్చట.

మొదటి వానకాలం. రూముకు ఒక క్యాసెట్ ఒచ్చింది. మన దిక్కు కెల్లి ఒచ్చినాయన గుడ్డల నడుమ పెట్టుకొని తెచ్చిండు. మీ నాయినమ్మ పంపింది. మన వాడకట్టుల అందరి కన్న ముందుగాల గల్ఫు పోయొచ్చినోళ్ల ఇంట్ల టేపురికార్డు ఉండె, బతిమాలి అడుక్కొచ్చుకుందట. ఏసినం. ముందుగాల "కిట్... కిట్... కిట్" అని సప్పుడు. ఏందిరా ఇది అన్నరు రూములోళ్లు. నాకు ఎంటనే తెలిసింది. కత్తెర. తునికాకు కత్తిరిచ్చే కత్తెర. బీడీలు చేసుకుంటనే మాట్లాడింది మీ నాయినమ్మ. ఒళ్లె చాట, చాటల తంబాకు, తడి గోనెల సుట్టిన ఆకు, దారం ఉండ. రోజుకు వెయ్యి బీడీలు, అంటె ఇరవై ఐదేసి కట్టలు నలభై. గవ్వి పొద్దుగూకెటాల్లకు కార్ఖానల ఒప్పజెప్పాలె. చెయ్యి ఆపితె లెక్క తప్పుతది. గందుకే చెయ్యి ఆపలె, మాట ఆపలె.

ఏం చెప్పింది? పిలగాడు పుట్టిండు, నీ తీరుగనే చెవులు పెద్దగున్నయి. బర్రె ఈనింది, పెయ్యదూడ. ఎన్కింట్ల అత్త కాలు జారి పడ్డది. చింతచెట్టు కింద పుట్టకొక్కులు లేసినయి, కూరొండుకున్నం. గట్ల ఒక్కొక్కటి. నడుమల పిలగాడు ఏడ్సిండు, కత్తెర ఆగింది, మల్ల మొదలయింది.

అప్పుడు అన్నది: "ఇగో, మన చెరువు మత్తడి దుంకుతుంది. రేపు డబ్బా పట్టుకపోయి ఇనవెడ్త." ఆడికి టక్కుమని ఆగింది. మల్ల మొదలయింది. గాలి గొరగొర. "ఇనవడ్తుందా?" అన్నది. అంతె, ఇగ మాట లేదు. నీళ్లు. ఒక్క నీళ్ల సప్పుడే. మత్తడి మీదికెల్లి నీళ్లు పడేటప్పుడు ముందుగాల సన్నగ జారినట్టుండి, కింద బండ మీద గుద్దుకొని గుభేలున మోగుతది గద, గదంత. పిలగాండ్లు కేకలేసుడు. ఎవ్వలో చాపల కోసం గాలమేసి "దొరికింది దొరికింది" అంటుండ్లు. క్యాసెట్ ఆ దిక్కు అయిపోయెదాక నీళ్లే.

రూముల పదహారు మందిమి. సిరిసిల్లోళ్లు, ఆర్మూరోళ్లు, మెట్‌పల్లోళ్లు. ఒక్కలు మాట్లాడలె. బయట రాత్రి గూడ అగ్గి కురుస్తుంది. సల్లవడని ఇసుక. అయిపోయినంక ఆర్మూరు ముసలాయన ఒకాయన "మల్ల ఎయ్యి తమ్మీ" అన్నడు. మల్ల ఏసినం. ఆయన కండ్లు మూసుకొని కాళ్లు ముందరికి జాపిండు, నీళ్లల్ల పెట్టినట్టు.

నేను ఆ రాత్రి ఏడ్సిన. ఎందుకేడ్సిన్నో చెప్త. ఇల్లు యాదికొచ్చి కాదు. ఆ మత్తడి ఎన్నిసార్లు దుంకింది నేను ఊర్ల ఉన్నప్పుడు! ఒక్కనాడు గూడ గంతసేపు నిలవడి ఇనలె. మత్తడి దుంకితె నాకు ఏం తోచేది? ఈసారి ఎన్ని మడులు నాటెయ్యొచ్చు, వడ్లు ఎంతయితయి, అప్పు ఎంత తీరుతది. కండ్ల ముందట నీళ్లుంటె నేను యాసంగి పంట కాడుంటుంటి. ఆడ ఎడారిల కూసొని, ఒక డబ్బాల, నా ఊరి నీళ్లను మొదటిసారి ఇన్న.

1980ల ఒచ్చిన. బొంబాయి కెల్లి మల్ల అదే మన్మాడ్ బండి. ముద్ఖేడ్ దాటిన కాడికెల్లే తలుపు కాడ నిలవడ్డ. ఈసారి గోదారి నన్ను తప్పించుకపోలె. పావలా ఇంక నా కాడనే ఉండె. ఏసిన. ఎంత ఎత్తు కెల్లి పడ్డదో, మెరుసుకుంట పోయింది, నీళ్లల్ల పడ్డది కనవడలె గని మెరిసింది సూసిన.

ఇంట్ల మీ నాయిన నన్ను సూసి పెద్దర్వాజ ఎన్కకు ఉరికిండు. నడుస్తుండు, మాట్లాడుతుండు. వాని మొదటి అడుగు నేను సూడలె. నేను ఏమనుకుంట ఒచ్చిన్నంటె, నేను ఎట్ల రెండేండ్లు ఆపుకొని ఉన్ననో, ఇంటికాడ గూడ అన్ని గట్లనే ఆగి ఉంటయని. అవి ఏవీ ఆగలె బిడ్డా. బర్రెకు రెండో ఈత అయింది. ఎన్క పెరట్ల మీ నాయినమ్మ జామచెట్టు పెట్టింది, నా నడుమెత్తు అయింది. బతుకమ్మ రెండు మార్లు పోయింది చెరువుల. మా అవ్వ కండ్లు మందగించినయి. నేను రెండేండ్లు ఎదురుసూసిన, మీ నాయినమ్మ రెండేండ్లు బతికింది. గదీ ఫరకు.

తర్వాత ఇంక రెండు మార్లు పోయిన. తప్పలె. గని గోడ మీద గీతలు మాత్రం గియ్యలె. ఆర్మూరు ముసలాయన తీరుగ, ఏది ఎదురుంటె దాన్ని సూసుడు నేర్సుకున్న. ఎడారిల గూడ పొద్దుగాల ఒక పిట్ట ఒస్తుండె, మన పిచ్చుకనే. మొదటి రెండేండ్లు గూడ అది ఒచ్చే ఉంటది.

మొన్నటి వానకాలం, 2025 ఆగస్టుల, నువ్వు ఆడ ఉన్నవు. మన జిల్లా మీద మొగులు పగిలినట్టే కురిసింది. రాజంపేట దిక్కు అర్గొండల ఒక్క దినంల నలభై సెంటీమీటర్లు దాటింది. భిక్కనూరు, తలమడ్ల నడుమ పట్టాల కింద మట్టంత కొట్టుకపోయి బండ్లు బందయినయి. నేను బొంబాయి పోయింది గూడ గదే లైన్ మీద, కామారెడ్డి కెల్లి. మన చెరువును సూసి నాకు పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి భయమయింది. మీ తమ్ముడు వీడియో తీసి నీకు పంపిండు, నువ్వు ఆడికెల్లి నిమిషంల ఫోన్ చేసి "పైలం తాతా" అంటివి. నాకు నెల తర్వాత క్యాసెట్ ఒచ్చింది, నీకు నిమిషంల వీడియో ఒచ్చింది. మంచిగయింది. గని రెండింటికీ తడి లేదు కొడుకా. నువ్వు ఈడికి ఒచ్చి పద్దెనిమిది దినాలాయె. చెరువు ఇంక నిండుగనే ఉంది. ఒక్కనాడు గూడ కట్ట దిక్కు పోలె నువ్వు. రేపు పొద్దుగాల పోదాం. నాకు మోకాళ్లు నొస్తయి, మెల్లగ నడుద్దాం. మర్రిచెట్టు దాక.

అగో, లోపలికెల్లి ఏమంటుందో ఇన్నవా మీ నాయినమ్మ? అన్నీ ఇంటుంది, పండలె.

"ఎదురుసూడలేదని ఎవ్వలు చెప్పిండ్లు? చేతులకు పని ఉండె గని కండ్లు దర్వాజ మీదనే ఉండె. క్యాసెట్ల నీళ్లు ఎందుకు పట్టిన్నో తెలుసా? మాట్లాడితె ఏడుపొస్తదని డబ్బా ఆడ పెట్టి దూరం జరిగిన."

ఇగో సూడు. నలభై ఏడేండ్లు. ఈ ముచ్చట నేను ఎంతమందికి చెప్పిన్నో, ఆమె ముందటనే చెప్పిన. ఒక్కనాడు గూడ గా మాట అనలె. ఇయ్యాల అన్నది.

రారాదు నువ్వు గూడ, ఈడ మంట కాడ కూసో. ఆ గొంగడి కప్పుకొని రా, సలి గట్టిగుంది. జరుగు బిడ్డా, మీ నాయినమ్మకు తావియ్యి.

ఇగ బూడిద తియ్యి. మెల్లగ, పక్కకెల్లి. అగో, తోలు ముడతవడ్డది సూడు, ఉడికింది. పెద్దది మీ నాయినమ్మకియ్యి. ఊదుకుంట తిను, లోపల కాల్తది.